డాబా మీద ఇటుకరంగు గుడ్డలు

ఆ సినిమా పేరు చెప్పను. చెప్తే మా అమ్మ ఉద్యోగానికి ఎసరు పెట్టినదాన్నవుతాను. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు కూడా. అందులో ఊరిపెద్ద వేషం వేసిన పేరున్న నటుడు ఒకాయన రచ్చబండ మీద కూర్చుని, భుజం మీది పాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, తాపీగా తీర్పు చెప్తాడు. థియేటర్లో ఈలలు, చప్పట్లు. మా వరుసలో మాత్రం అమ్మ, అమ్మమ్మ, నేను ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకుని, నవ్వు ఆపుకోలేక ముందు సీటు వెనకాల తలలు దాచుకున్నాం. ఎందుకంటే అది తువ్వాలు కాదు, నా నెలసరి గుడ్డ.

ఉతికిందే లెండి, కంగారు పడకండి. మా అమ్మమ్మ ఉతికితే గుడ్డ మీద మరక కాదు కదా, ఒక్కోసారి రంగు కూడా మిగిలేది కాదు. అది అక్కడిదాకా ఎలా వెళ్ళిందో చెప్పాలంటే ముందు మా డాబా గురించి చెప్పాలి.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఫిల్మ్‌నగర్‌లో మాది మూడంతస్తుల ఇల్లని స్కూల్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. నిజానికి మాది ఆ మూడంతస్తుల పైన కట్టిన రేకుల గది, దాని ముందున్న డాబా. అక్కడ నిలబడితే ఒక పక్క జూబ్లీహిల్స్ బంగళాల అద్దాలు, ఇంకో పక్క మా బస్తీలోని నీళ్ళ డ్రమ్ములు కనిపించేవి. నాన్న ఔట్‌డోర్ షూటింగులకి జనరేటర్ వ్యాన్ నడిపేవాడు కాబట్టి ఇంట్లో కన్నా రోడ్ల మీదే ఎక్కువ ఉండేవాడు. అమ్మ కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంటు. సినిమాల్లో గుంపుగా నిలబడే జూనియర్ ఆర్టిస్టుల బట్టలు ఇంటికి తెచ్చి, ఉతికించి, ఇస్త్రీ చేసి మళ్ళీ సెట్‌కి చేర్చడం అమ్మ పని. అందుకని మా డాబా మీద ఎప్పుడూ ఏదో ఒక సినిమా ఆరుతూ ఉండేది. ఒక వారం పోలీసు యూనిఫారాలు, ఇంకో వారం పెళ్ళివారి పంచెలు. ఒకసారైతే ఏకంగా యమభటుల నల్ల ధోవతులు ఆరేశాం, పక్క మేడ మీద పిల్లలు అటువైపు చూడ్డం మానేశారు.

ఆ తీగల మీద సర్వాధికారం అమ్మమ్మది. తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. నాకు మొదటిసారి నెలసరి వచ్చిన రోజున పెట్టె తెరిచి, తను ఎన్నో ఏళ్ళు కట్టి కట్టి పలచబడిన ఇటుకరంగు నేత చీర ఒకటి తీసి, ముక్కలుగా కత్తిరించి, అంచులన్నీ చేత్తో కుట్టి ఇచ్చింది. ఎర్రదారం అయిపోతే నీలందారంతో కుట్టింది. అంత మెత్తటి గుడ్డ నేను మళ్ళీ చూడలేదు. ప్యాడ్లు వాడొచ్చు కదా అంటారేమో. స్కూలుకి అవే వాడేదాన్ని. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం అమ్మమ్మ గుడ్డలే. వాడిన ప్యాడు పొట్లం కట్టుకుని, చెత్తబండి వచ్చే వేళకి మూడంతస్తులు దిగి వెళ్తే బస్తీ మొత్తానికి నా తేదీ తెలిసిపోయేది. అందుకని నాకూ గుడ్డే సుఖంగా ఉండేది.

గొడవంతా ఆరెయ్యడం దగ్గరే. ఆ గుడ్డలు మగవాళ్ళ కంట పడకూడదన్నది అమ్మమ్మ శాసనం. ముందు నా గుడ్డ తీగ మీద వేసేది, దాని మీద ఒక పోలీసు ప్యాంటో, జమీందారు పంచెనో కప్పేది, అది ఎగరకుండా క్లిప్పులు పెట్టేది. మా ఇంటి ఓనరు తాతకి షుగరు. డాక్టరు నడవమన్నాడు. రోడ్డు మీద నడిస్తే కుక్కలు వెంటపడుతున్నాయని మా డాబా మీదకి వచ్చి పొద్దున, సాయంత్రం గుండ్రంగా తిరిగేవాడు. భార్య పోయాక కింద అంతస్తులో ఒక్కడే ఉండేవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వింటే చాలు, అమ్మమ్మ పరుగున వెళ్ళి పంచె కింద గుడ్డ అంచు కనబడుతోందేమోనని చూసి సర్దేది. దాంతో నా గుడ్డకి గాలీ లేదు, ఎండా లేదు. వానాకాలంలో అయితే రెండు రోజులైనా చెమ్మ వదిలేది కాదు.

మా స్కూల్లో సగంమంది సినిమావాళ్ళ పిల్లలమే. సినిమావాళ్ళంటే మీరనుకునే వాళ్ళు కాదు. సెట్లకి మేకులు కొట్టేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, యూనిట్‌కి వంటలు వండేవాళ్ళు. మా మాటలు కూడా అలాగే ఉండేవి. నెలసరి వస్తే 'షూటింగ్ మొదలైంది' అనేవాళ్ళం, అయిపోతే 'ప్యాకప్'. కడుపునొప్పి ఎక్కువగా ఉంటే 'ఫైట్ సీను'. మాకు ఆటలు నేర్పే పీఈటీ మేడమ్ ఈ భాషంతా తొందరగానే పట్టేసింది. "మేడమ్, ఇవాళ నాకు షూటింగ్" అంటే "అయితే నీడలో కూర్చుని స్కోరు రాయి" అనేది.

సైన్స్ పుస్తకంలో ఆ పాఠం ఉంది, బొమ్మతో సహా. భాగాలు గుర్తించి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఆ బొమ్మలో ఉన్నవన్నీ మా ఒంట్లోనే ఉన్నాయన్న సంగతి మాత్రం మాకు తట్టలేదు. నా పక్క బెంచీ స్నేహితురాలి సంగతే చూడండి. వాళ్ళ నాన్న మేకప్ అసిస్టెంటు. ఫైటింగుల్లో పూసే ఉత్తుత్తి రక్తం సీసాల్లో పోసి ఇంట్లోనే పెట్టేవాడు. దానికి మొదటిసారి వచ్చిన రోజున, పొద్దున హడావుడిలో ఆ సీసా ఏదో తన బట్టల మీద ఒలికిందనుకుంది. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నని దులిపేసింది. "నాయినా, సీసాలకు మూతలు గట్టిగ పెట్టరాదా? నా డ్రెస్సంత ఖరాబైంది" అని. ఆయన పాపం అన్ని సీసాలూ ఎత్తి చూసి, "అన్ని నిండుగనే ఉన్నయి గద బిడ్డా" అన్నాడట. అప్పుడు వాళ్ళమ్మ వచ్చి, సంగతి చూసి, ముందు ఆయన్ని గదిలోంచి బయటికి పంపింది. ఈ కథ అది మాకు ఎన్నిసార్లు చెప్పిందో, మేము ఎన్నిసార్లు పడి పడి నవ్వామో లెక్కలేదు.

ఖో-ఖో అంటే నాకు ప్రాణం. చదువులో ఎలా ఉన్నా, పోల్ దగ్గర డైవ్ కొట్టి పరిగెత్తేవాళ్ళని పట్టుకోవడంలో మా స్కూల్లో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది గొప్ప కాదు, నిజం. దసరా సెలవులకి ముందు జోనల్ పోటీలు. సరిగ్గా ఆ వానాకాలంలోనే నాకు తొడల దగ్గర దురద మొదలైంది. తర్వాత ఎర్రగా కందిపోయింది. తర్వాత పుండ్లు. నడిస్తేనే మంట, ఇంక పరుగెక్కడ? కాలు బెణికిందని అబద్ధం చెప్పి గ్రౌండు పక్కన కూర్చునేదాన్ని.

మేడమ్ నమ్మలేదు. ఒక సాయంత్రం మగపిల్లలందర్నీ పంపేసి, మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ ముందుమాటా లేకుండా అడిగింది. "మీ గుడ్డలు ఎక్కడ ఆరేస్తారే?"

చివరికి ఒకమ్మాయి, "పరుపు కింద మేడమ్" అంది. ఇంకో అమ్మాయి, "మేమైతే ఫ్రిజ్ ఎన్క ఏస్తం మేడమ్, గాడ వెచ్చగుంటది" అంది. ఒకరు బాత్రూం తలుపు వెనక మేకుకి, పైన నాన్న లుంగీ కప్పి. ఒకరు చెప్పుల స్టాండు లోపల. నా వంతు వచ్చింది. "పోలీసుల కింద మేడమ్" అన్నాను. ఒక్క క్షణం అందరూ నావైపు చూసి, తర్వాత పగలబడి నవ్వారు. మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వాక అంది, "ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా ఎండలో అనలేదు చూశారా."

అప్పుడు చెప్పింది. ప్యాడైనా గుడ్డైనా తప్పు లేదు, ఒకటే రోజంతా ఉంచుకోవడం తప్పు. గుడ్డైతే సబ్బుపెట్టి ఉతకాలి, ఎండలో కరకరలాడేలా ఆరాలి, చెమ్మ గుడ్డ కడితే ఒరిపిడికి చర్మం లేచిపోతుంది, క్రిములు చేరతాయి. చెప్తూ చెప్తూ నా వైపే చూసింది. మర్నాడు తనే నన్ను దవాఖానకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పూత మందు రాసిచ్చి, మేడమ్ చెప్పిందే మళ్ళీ చెప్పింది. "మందు రాసుకుంటూ మళ్ళీ తడి గుడ్డే కడితే నేనేం చెయ్యలేను తల్లీ" అంది. దారిలో మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, "పోటీల్లోగా తగ్గకపోతే నీ బదులు వేరే అమ్మాయిని తీసుకోవాలి, నాకూ తప్పదు" అంది.

ఇంటికొచ్చి అమ్మమ్మకి చెప్పాను, ఇక మీదట నా గుడ్డలు పైన ఏమీ కప్పకుండా ఎండలో ఆరెయ్యాలని.

"మా ఇంటా వంటా లేదు" అంది.

"డాక్టరమ్మ చెప్పింది అమ్మమ్మా."

"డాక్టరమ్మకేం పోయింది? వాళ్ళింటి మీద ఆరేసుకోమను. ఇక్కడ ఓనరుగారు తిరుగుతుంటారు. ఆయన కంట పడ్డాక నేను ఏ మొహం పెట్టుకుని మెట్లు దిగను?"

అమ్మ ఏమంటుందా అని చూశాను. అమ్మ తెల్లారకముందే సెట్‌కి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. నేను చెప్తే నావైపు తలూపింది, అమ్మమ్మ చెప్తే అమ్మమ్మ వైపు తలూపింది, అన్నం తిని పడుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మందు రాసుకుంటే కాస్త తగ్గేది, మళ్ళీ నెల వచ్చేసరికి మొదటికే వచ్చేది.

అప్పుడే ఈ పల్లెటూరి సినిమా మొదలైంది. డాబా నిండా రైతుల పంచెలు, లుంగీలు, తువ్వాళ్ళు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. అమ్మ సెట్‌లో ఉంది, నేను స్కూల్లో ఉన్నాను. కింద ప్రొడక్షన్ వాళ్ళ వ్యాను హారన్ మోగిస్తోంది, మూట వెంటనే కావాలని. అమ్మమ్మ ఒక్కతే తీగల మధ్య పరుగెత్తి, చినుకులు పడేలోగా చేతికందినవన్నీ లాగి, దుప్పట్లో కట్టి కిందికి పంపేసింది. సాయంత్రం చూస్తే నా గుడ్డ ఒకటి లేదు. ఎవరైనా చూశారేమోనన్న భయంతో అమ్మమ్మ నన్ను వీధిలోకి పంపింది, గాలికి కిందపడిందేమో చూసి రమ్మని. ఏదో పోయిన చెవికమ్మ వెతుకుతున్నట్టు నటిస్తూ వీధంతా వెతికాను. ఓనరు తాత సన్‌షేడ్ మీద కూడా చూశాను. ఎక్కడా లేదు.

మర్నాడు సెట్‌లో జరిగింది అమ్మ చెప్పగా విన్నదే. ఊరిపెద్ద వేషానికి కొత్త తువ్వాలు కొన్నారు. సినిమాల్లో కొత్త బట్టని పాతగా కనిపించేలా చెయ్యడానికి టీ డికాషన్‌లో ముంచుతారు, రాయి పెట్టి రుద్దుతారు. అవన్నీ చేశారు. డైరెక్టరుకి నచ్చలేదు. టీలో ముంచిన గుడ్డ టీలో ముంచిన గుడ్డలాగే ఉందన్నాడట. మా కాస్ట్యూమర్ గారు, అంటే అమ్మకి పైఅధికారి, చెమటలు పట్టి జూనియర్ ఆర్టిస్టుల మూట విప్పి తిరగేశారు. అందులోంచి వెలిసిపోయిన ఇటుకరంగు గుడ్డ ఒకటి బయటికొచ్చింది. డైరెక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకి పట్టి చూసి, "ఇదీ నాకు కావాల్సింది. దీన్ని చూస్తుంటేనే ఒక జీవితం కనబడుతోంది" అన్నాడట. ఎవరి జీవితమో ఆయనకేం తెలుసు.

అమ్మ ఆ సమయంలో సెట్ రెండో చివర ఆడవాళ్ళ చీరలకి పిన్నులు పెడుతోంది. ఇటు వచ్చేసరికి షాట్ ఓకే అయిపోయింది. ఆ పెద్దాయన భుజం మీద నీలందారం కుట్టు చూసింది. ఒకసారి కెమెరా ముందుకి వెళ్ళిన గుడ్డని ఆ సన్నివేశం పూర్తయ్యేదాకా మార్చడానికి వీల్లేదు, కంటిన్యుటీ పోతుంది. పైగా ఏమని చెప్పి మారుస్తుంది? ఆయన మధ్యమధ్యలో దానితోనే మొహం తుడుచుకుంటున్నాడు. తుడుచుకుని, "ఎంత మెత్తగా ఉందయ్యా ఇది" అన్నాడు కూడా. సాయంత్రం కాస్ట్యూమర్ గారు అమ్మని పిలిచి, ఇలాంటిదే ఇంకోటి కావాలన్నారు. కంటిన్యుటీ బట్టకి రెండోది తోడు ఉంచుకోవడం అక్కడి పద్ధతి, ఒకటి తడిసినా పోయినా పని ఆగకుండా. "మీ ఇంటి మూటలోంచి వచ్చిందే కదమ్మా, దీని జత కూడా అక్కడే ఉంటుంది, ఎల్లుండి పట్టుకురా" అన్నారట.

అమ్మ ఇంటికొచ్చి గడప మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అమ్మమ్మ కంగారుగా మంచినీళ్ళు తెచ్చింది. కాస్త ఊపిరి తీసుకున్నాక అమ్మ అంతా చెప్పింది. అమ్మమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ నటుడంటే అమ్మమ్మకి వయసులో ఉన్నప్పటినుంచీ భక్తి. ఆయన సినిమా వస్తే పక్కూరికి బండి కట్టించుకుని వెళ్ళేదట.

"ఆయన మొహమా?" అంది.

"ఆ మొహమే అమ్మా."

"మరకేమైనా..."

"నువ్వు ఉతికింది, మరకెక్కడుంటుంది?"

"ఏమన్నాడు?"

"మెత్తగా ఉందన్నారు."

అమ్మమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేత చీర మరి. మెత్తగా ఉండదూ" అంది. అంత భయంలోనూ ఆ మాటలో చిన్న గర్వం ఉంది. నాకూ అమ్మకీ ఇంక నవ్వు ఆగలేదు. అమ్మమ్మ మమ్మల్ని సిగ్గులేనివాళ్ళని తిట్టింది, తిడుతూ తిడుతూ తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులయ్యాక అసలు సమస్య మిగిలింది. జత కావాలి. అదే రంగు, అదే వెలిసినతనం. పెట్టెలో వాడకుండా మిగిలిన చీర ముక్క ముదురు రంగులో ఉంది, కెమెరాకి తేడా తెలిసిపోతుంది. ఇంక ఇవ్వాల్సింది నా గుడ్డల్లో ఒకటే. అమ్మమ్మ వెనకాడింది, దేవుణ్ణి తలుచుకుంది, చివరికి ఇంతమంది కూడు ఆ పని మీద ఆధారపడి ఉందని ఒప్పుకుంది.

మర్నాడు స్కూలు నుంచి వచ్చి డాబా ఎక్కేసరికి నా కళ్ళని నేనే నమ్మలేదు. చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. పిట్టగోడ పక్కన అన్నిటికన్నా బయటి తీగ మీద, పైన ఏమీ లేకుండా, నా గుడ్డ ఒక్కటే రెపరెపలాడుతోంది. దాన్ని వేపాకు వేసి కాచిన నీళ్ళలో నానబెట్టి ఉతికిందట. ఎండ ఎటు జరిగితే గుడ్డని అటు జరుపుతోంది, తిరగేస్తోంది, కాకుల్ని తోలుతోంది. ఓనరు తాత నడకకి వస్తే, "అన్నయ్యగారూ, కాస్త ఆ వారనుంచి నడవండి, దుమ్ము లేస్తుంది. షూటింగ్ బట్ట" అని చెప్పింది. ఆయన వారగానే నడుస్తున్నాడు.

నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. తాత మెట్లు దిగేదాకా ఓర్చుకున్నాను.

"ఆయన భుజానికి ఎండ కావాల్సొచ్చిందా అమ్మమ్మా? నా ఒంటికి అక్కర్లేదా?"

అమ్మమ్మ తిరిగి చూసింది.

"ఆయన మొహం ఎక్కడ కందిపోతుందోనని పొద్దుట్నించీ నిలబడ్డావు. నా తొడలు పుండ్లు పడి నడవలేకపోతున్నాను. ఇన్ని రోజుల్నించీ చెప్తున్నాను. అప్పుడు ఈ తీగ లేదా?"

గట్టిగానే అన్నాను. అమ్మమ్మతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఎదురు తిడుతుందని చూశాను. తిట్టలేదు. గుడ్డ తీసి, మడతపెట్టి, లోపలికెళ్ళి అమ్మ సంచిలో పెట్టింది.

జోనల్ పోటీల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, మీరు దానికోసం ఎదురుచూడకుండా. ఆడాను. పుండ్లు మానిపోయి, ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా, ఎగిరి ఎగిరి ఆడాను. ఫైనల్లో టోలిచౌకి వైపు నుంచి వచ్చిన స్కూలు మమ్మల్ని చిత్తుగా ఓడించింది. ఓడిపోయి కూడా అంత సంతోషంగా ఇంటికి రావచ్చని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మోతీనగర్‌లో ఆడపిల్లలకి ఖో-ఖో నేర్పిస్తున్నాను. ఎవరైనా కాలు బెణికిందని గ్రౌండు పక్కన కూర్చుంటే, ముందు గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నావే అని అడుగుతాను.

నేను చెప్పాలనుకున్నది పోటీలకి ముందు నెల సంగతి. ఒక ఆదివారం పొద్దున్నే నెలసరి వచ్చింది. తల దువ్వుకుంటుంటే అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకా మంటగా ఉంటోందా?"

"ఇప్పుడు కాస్త తగ్గింది."

"నాకూ ఉండేది" అంది. అద్దంలోంచి చూశాను. మొహంలో ఏడుపు లేదు, ఎవరి మీదో తెలియని కోపం ఉంది. "పెళ్ళికి ముందునుంచీ. ధాన్యం గాదె వెనక ఆరేసేదాన్ని, ఎప్పుడూ పూర్తిగా ఆరేవి కావు. పొలం గట్ల మీద నడుస్తుంటే ప్రాణం పోయేది. మా అమ్మనడిగితే ఆడపుట్టుక అంతే, ఓర్చుకోమంది. మీ అమ్మ అడిగినప్పుడు నేనూ అదే చెప్పాను. అది తడి గుడ్డ వల్లనని ఒక్కరు చెప్పలేదే. నా ఒళ్ళే అలాంటిదనుకున్నాను అన్నేళ్ళూ."

దువ్వెన పక్కన పెట్టి అమ్మమ్మని పట్టుకున్నాను. తను నా వీపు తట్టి, "లే, బకెట్టు పట్టు" అంది.

ఉతికిన గుడ్డలన్నీ డాబా మీదకి తెచ్చాం. అమ్మమ్మ తీగ తుడిచి, ఒక్కొక్కటీ విదిలించి, పక్కపక్కన వేసింది. మీద ఏమీ కప్పలేదు. ఇటుకరంగు ముక్కలు, నీలందారం అంచులు, అందరికీ కనబడేలా. ఇంకా క్లిప్పులు పెడుతుండగానే మెట్ల మీద ఓనరు తాత చెప్పుల చప్పుడు వినిపించింది. అలవాటుకొద్దీ అమ్మమ్మ చెయ్యి గుడ్డల మీదకి వెళ్ళింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగి, మళ్ళీ క్లిప్పు తీసుకుంది.

తాత పైకొచ్చి, ఒక చుట్టు తిరిగి, మా దగ్గర ఆగాడు.

"ఇయి గూడ షూటింగువేనా చెల్లె?"

అమ్మమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల వంచలేదు. "కాదన్నయ్యగారూ. మా మనవరాలి నెలసరి గుడ్డలు. ఎండ తగలకపోతే పిల్లకి పుండ్లు పడుతున్నాయి."

ఆయన తలూపాడు. తీగవైపు, ఆకాశంవైపు చూశాడు.

"మా ఇంటామె గిట్లనే దాసి దాసి ఆరేసేది పాపం, నాకు ఎరుక లేదనుకొని. ఎన్నడు సక్కగ ఆరకపోయేటియి" అన్నాడు. చేతికర్రతో డాబా రెండో చివర చూపించాడు. "గీడ మద్యాహ్నమైతే టాంకు నీడ పడ్తది. గా కొసకు ఎయ్యి చెల్లె. గాడ పొద్దుగూకెదాంక ఎండుంటది."

అని తన నడక తను మొదలుపెట్టాడు. అమ్మమ్మ క్లిప్పులన్నీ తీసి, గుడ్డలు భుజాన వేసుకుని, ఆయన ముందునుంచే ఆ చివరికి నడిచింది.